సోమవారం చిట్టిది, గురువారం కవలలది

ఆ రోజుల్లో ప్రమాదం అంటే ఎత్తు మీది నుంచి పడటమేనని నాకు గట్టి నమ్మకం. మెకానికల్ డిప్లొమా చదివినవాణ్ణి కనుక ఎత్తు, బరువు, పరుపు మందం లెక్క చూసుకుంటే పిల్లలకు ఏమీ కాదనుకునేవాణ్ణి. ఆ శ్రావణం మొదలయ్యేనాటికి షోలాపూర్‌లో తెలుగు నేతవాళ్లుండే దాజీ పేట్‌లోని మా జిమ్నాస్టిక్స్ హాల్లో ఉన్నవి ఇవి: మగ్గాలు అమ్మేసి ఖాళీ చేసిన పవర్‌లూమ్ షెడ్డు ఒకటి, నేలలో మగ్గాల కాళ్లు బిగించిన గుంతలు (సిమెంటు పెట్టి పూడ్చింది నేనే, ఈనాటికీ ఒక్కటీ పగల్లేదు), మందపాటి పరుపులు నాలుగు, నాలుగడుగుల ఎత్తున, అరచేయంత వెడల్పున్న బీమ్ ఒకటి (పిల్లలు దాని మీద నడిచి, గెంతి, పల్టీ కొట్టాలి), ఎనిమిది నుంచి పదమూడేళ్ల ఆడపిల్లలు పదకొండు మంది, గుమ్మం ముందు అరుగు మీద చాటలు ఒళ్లో పెట్టుకుని, బీడీలు చుడుతూ వాళ్ల కోసం కూర్చునే అమ్మలు, అవ్వలు, గోడకు అవతల ఇంకా ఆడుతున్న మగ్గాల మోత. పెద్ద సార్ రెఫరీల శిక్షణకని పుణె వెళ్లడంతో ఆయన అసిస్టెంటునైన ఇరవై రెండేళ్ల నేను ఆ నెలకు వీటన్నిటికీ బాధ్యుణ్ణి.

పిల్లల ఆరోగ్యం, భద్రత మీద అప్పుడే ఒక చిన్న కోర్సు చేసి వచ్చాను. వచ్చీ రాగానే గోడ మీద పెద్ద అక్షరాలతో నియమాలు రాశాను. నీళ్లు తాగుతూ ఉండాలి. నొప్పి దాచకూడదు. అనుమానం వస్తే దిగిపోవచ్చు, ఎవరూ తిట్టరు. పుణె బయల్దేరే ముందు చూసిన పెద్ద సార్‌కు ఈ చివరిది నచ్చలేదు. “దిగే హక్కు రాసి పెడితే ఇంక ఎక్కేదెవరు?” అన్నారు. అయినా నేను చెరపలేదు.

మా పిల్లల్లో బీమ్ మీద అందరికన్నా నిలకడైనది చిట్టి. పదకొండేళ్ల పిల్ల. నెలాఖరులో జిల్లా సెలెక్షన్, జట్టులోకి ముగ్గురినే తీసుకుంటారు. శ్రావణం మొదటి సోమవారం సాయంత్రం చిట్టి బీమ్ మీద నిలబడి చేతులు పైకెత్తింది, ఎత్తినట్టే పక్కకు ఒరిగింది. పక్కనే ఉన్నాను కనుక పట్టుకున్నాను. మొహం పాలిపోయింది, చేతులు చల్లగా ఉన్నాయి.

“ఏం గాలే సార్,” అంది.

“పొద్దుగాల ఏం తిన్నవ్?”

“చాయ్.”

“చాయ్‌ల ఏం ముంచుకున్నవ్?”

“ఒట్టి చాయ్ సార్. ఇయ్యాల ఒక్కపొద్దు. సెలెక్షన్ గావాలెనని మా అవ్వ మొక్కింది.”

ఒక్కపొద్దు అంటే పగలంతా పస్తుండి, రాత్రి దేవుడికి పెట్టాక తినడం. అడిగితే బయటపడింది, చిట్టి ఒక్కతే కాదు. ఒక్కో ఇంటికి ఒక్కో దేవుడు, ఒక్కో దేవుడికి ఒక్కో వారం. కవలలది గురువారం, ముగ్గురు పెద్దపిల్లలది శుక్రవారం, మరో ఇద్దరిది శనివారం. నేను పరుపుల మందం కొలుస్తూ ఉంటే పిల్లలు ఖాళీ కడుపులతో బీమ్ ఎక్కుతున్నారు. వెంటనే ఇంకో నియమం రాశాను: ఒక్కపొద్దు ఉన్న రోజు బీమ్ లేదు.

తరవాతి సోమవారం చిట్టి నేను అడగకముందే “పోహే తిన్న సార్” అంది, అటుకుల ఉప్మా అన్నమాట.

“పోహేల ఏమేమి వేసిండ్రు?”

చాలాసేపు ఆలోచించింది. “పోహే వేసిండ్రు సార్.”

అంతకు ముందు ఆకలితో ఉన్న పిల్లలు ఉండేవాళ్లు. నా నియమం తరవాత ఆకలితో ఉండి అబద్ధమాడే పిల్లలు తయారయ్యారు. కోర్సులో దీనికి జవాబు చెప్పలేదు. చిట్టిని ఆ రోజు పరుపు మీదే ఉంచి, నేను అరుగు మీదికి వెళ్లాను. వాళ్ల అవ్వ తలెత్తకుండా బీడీ చుడుతోంది. (ఆమెకు మా అమ్మ బాగా తెలుసు, పిల్లల ముందు నన్ను సారూ అంటుంది, వాళ్లు లేకపోతే పోరడా అంటుంది.)

“అవ్వా, కడుపుల ఏం లేకుంటే నెత్తురుల చక్కెర తగ్గుతది. కళ్లు తిరుగుతయి.”

“మేము ఒక్కపొద్దులుండుకుంటనే మగ్గాలు నడిపినం. ఎవ్వలం పడలే.”

“మగ్గాల మీదికెక్కి పల్టీలు కొట్టలే గద అవ్వా.”

అరుగంతా నవ్వింది. ఆమె నవ్వలేదు.

“నవ్వుండ్రి. మొక్కు నడిమిట్ల ఇడిస్తే దేవుడు ఊకుంటడా? ఆ తప్పు పిల్ల నెత్తి మీదికే వస్తది. రేపు అది దాని మీదికెల్లి పడితే ఎవ్వలననాలె? నీకేం, సీటీ ఊది ఇంటికి పోతవ్.”

అప్పుడు అర్థమైంది, మా ఇద్దరి భయమూ ఒకటే. పిల్ల బీమ్ మీది నుంచి పడుతుందనే. తింటే పడుతుందని ఆమె, తినకపోతే పడుతుందని నేను.

“పిల్ల బదులు ఇంకొకలు ఉంటే చెల్లదా అవ్వా?”

“ఎందుకు చెల్లది? నేనే ఉందును గాని నాకు షుగరు. ఒక్క పూట గూడ పస్తుండొద్దని డాక్టర్ చెప్పిండు.” (అంటే చక్కెర సంగతి నేనేమీ కొత్తగా చెప్పలేదన్నమాట.) “ఎవ్వలుంటరు మరి? నువ్వుంటవా?”

“ఉంటా.”

వాదనలో నెగ్గడానికి అన్న మాట అది. ఆమె మాత్రం చాట పక్కన పెట్టింది. నా గోత్రం అడిగింది, చెప్పాను. “అయితే మనోడే” అని లేచి, చేతులు కడుక్కుని, పక్కనే ఉన్న ఇంట్లో నుంచి కుంకుమ తెచ్చి నా నొసట పెట్టింది. “సోమ్వార్ సోమ్వార్. చాటుకు తిన్నవనుకో, నాకు ఎరుకైతది,” అంది.

మర్నాడు అరుగు మీద కవలల అమ్మ నా కోసం కాచుకుని ఉంది. చిట్టి బరువు మోసినవాణ్ణి కవలల బరువు మొయ్యనంటే ఎలా? శుక్రవారం పిల్లలు ముగ్గురికీ కలిపి ఒక్క ఒక్కపొద్దు చాలునని బతిమాలి ఒప్పించాను. శనివారం వాళ్లు నన్ను అడగనే లేదు, కుంకుమ తెచ్చి పెట్టేశారు. వారం పట్టిక రాసుకుని వంటింటి గోడకు అంటిస్తే మా అమ్మ ఒక్కో వారం మీదా వేలు పెట్టి చూసింది.

“పేట్‌ల పోరీలందరికి ఉంటున్నవ్. కన్నతల్లికి ఒక్కటన్న ఉన్నవా రా? మంగళవారం ఖాళీగనే ఉంది. నా మోకాళ్లకు ఉండు.”

అలా మిగిలినవి బుధవారం, ఆదివారం. ఆ రెండు రోజులూ తిన్నాను.

హాల్లో మాత్రం అంతా సవ్యంగా జరిగింది. పిల్లలు వచ్చీ రాగానే డబ్బాలు తెరిచి నా ఎదుటే తిని, ఖాళీ డబ్బా చూపించి, తరవాతే బీమ్ ఎక్కేవాళ్లు. అబద్ధాలు ఆగిపోయాయి. మొహాల్లో రంగు వచ్చింది. కవలల్లో చిన్నది రొట్టె మీది శేంగా చట్నీ, అంటే వేరుశెనగ కారప్పొడి, నా ముక్కు దగ్గర పెట్టి, “వాసన జూడుండ్రి సార్, వాసనకు ఒక్కపొద్దు చెడదట, మా అమ్మనడిగిన” అనేది. నేను బెల్టుకు కొత్త రంధ్రం పొడుచుకున్నాను.

సెలెక్షన్ శ్రావణం చివరి సోమవారం పడింది. కొంతం చౌక్ దాటి ఒక స్కూలు హాలు. పిల్లలు ఆటోల్లో, అవ్వలు వెనక ఇంకో ఆటోలో. బీమ్ మీద వెనక్కి పల్టీ కొట్టేటప్పుడు కోచ్ పక్కన నిలబడి, అవసరమైతే నడుము దగ్గర చెయ్యి వేసి కాపాడాలి. చిట్టి పేరు పిలిచారు. ఎక్కింది. నేను చేతులు చాచి నిలబడ్డాను. చిట్టి నా మొహం చూడలేదు, నా చేతులు చూసింది. చూసి మెల్లగా దిగిపోయింది.

రెఫరీ మేడం “కాయ్ ఝాలం?” అని అడిగారు. ఏమైందని. ఆలస్యమైతే ఆ పిల్ల వంతు పోతుంది, ఏడాది ఆగాలి.

“ఏం గాలే చిట్టీ, ఎక్కు,” అన్నాను.

“మీరే గోడ మీద రాసిండ్రు గద సార్, అనుమానం వస్తే దిగొచ్చని. నాకు అనుమానం ఉంది.”

“దేని మీద?”

“మీ మీద. మీ చేతులు వణుకుతున్నయ్.”

చూసుకుంటే నిజమే. పదకొండు మంది ఆకలి సంగతి పట్టించుకున్నవాణ్ణి, వాళ్లను పట్టుకోవాల్సిన చేతులకూ కడుపుతో సంబంధం ఉందని అనుకోలేదు. చిట్టి రెఫరీ వైపు తిరిగి, మా సార్‌కు బాగాలేదు, ఇంకెవరైనా నిలబడతారా అని మరాఠీలో అడిగింది. పక్క జట్టు కోచమ్మ ఒకావిడ చేతులు దులుపుకుంటూ లేచి వచ్చింది. నన్ను బెంచీ మీద కూర్చోబెట్టారు.

చిట్టి మళ్లీ ఎక్కింది. పల్టీ కొట్టింది. ఒక కాలు కొంచెం జారింది, నిలదొక్కుకుంది. చివర పరుపు మీదికి దూకి, రెండు పాదాలూ ఆనించి, చేతులెత్తి నిలబడింది. చప్పట్లు కొడదామని నేను గబుక్కున లేచాను. తరవాత నాకు తెలిసింది హాలు పైకప్పు రేకులు, వాటికి అడ్డంగా చిట్టి వాళ్ల అవ్వ మొహం. సాసర్‌లో చాయ్ పోసి నా నోటి దగ్గర పెట్టింది. చక్కెర గట్టిగా వేయించింది.

“అవ్వా, ఇయ్యాల సోమ్వార్.”

“నోరు దెర్వు పోరడా. దేవునితోని నేను మాట్లాడుకుంట. తాగు.”

తాగాను. ఆమె రొట్టె తుంచి పెడితే అదీ తిన్నాను. అప్పుడే ఫలితాలు చదివారు, ముగ్గురిలో చిట్టి మూడోది. “జూసినవా, మొక్కు ఉత్తగ పోలే,” అంది అవ్వ, నా మీసానికంటిన చాయ్ కొంగుతో తుడుస్తూ. అరుగు మీది వాళ్లందరూ ఆ వారమే కూర్చుని దేవుళ్లతో మాట్లాడి ఒక ఒప్పందానికి వచ్చారు: ఇక మీదట ఒక్కపొద్దులకు బదులు కొబ్బరికాయలు. కాయ కొట్టినాక కొబ్బరి పిల్లలకే పెట్టాలి. మా అమ్మ మోకాళ్లకు మాత్రం ఒప్పందం వర్తించలేదు.

ఇప్పుడు ఆ హాలుకు పెద్ద సార్‌ని నేనే. కొత్తగా వచ్చే అసిస్టెంట్లకు ముందు తిని రమ్మని చెబుతాను, ఎందుకని అడిగితే పక్కకు చూస్తాను. నొసట కుంకుమతో, బెల్టుకు కొత్త రంధ్రంతో, పట్టిక గోడకంటించుకుని తిరిగిన ఆ సన్నటి కుర్రాడు గుర్తొస్తే ఇంటికి పిలిచి అన్నం పెట్టాలనిపిస్తుంది. ఆ శ్రావణంలో కళ్లు తిరిగి పడిపోయినవాళ్లు: పిల్లలు సున్నా, కోచ్‌లు ఒకరు.