దర్జీ తర్వాతే ఎవరైనా

మా బావ ఎవరినీ మొదటి స్థానంలో కూర్చోనిచ్చేవాడు కాదు. అదొక్కటే ఆయన జబ్బు. మిగతా విషయాల్లో మంచి ఆరోగ్యవంతుడు.

ఆయన బిలియర్డ్స్ హాల్లో మార్కరు. అంటే బల్ల పక్కన నిలబడి పాయింట్లు చెబుతూ, పడ్డ బంతుల్ని తీసి మళ్ళీ వాటి చోట్లో పెట్టే మనిషి. ముప్పై ఎనిమిదేళ్ళు ఆ ఒక్క హాల్లోనే నిలబడ్డాడు. కాళ్ళు వంగాయి గానీ మాట వంగలేదు. ఎవరు ఎంత గొప్పగా ఆడినా ఆయన నోట రెండే మాటలు వచ్చేవి. మొదటిది "బాగుంది". రెండోది "కానీ". ఆ రెండింటి మధ్య ఒక్క క్షణం ఖాళీ ఉండేది. ఆటగాళ్ళంతా ఆ క్షణంలోనే బతికేవాళ్ళు.

"కానీ ఏంటి మార్కరు గారూ? తొమ్మిది బంతులూ ఒక్క చాన్సులో వేశాను కదా!"

"వేశావు నాయనా. కానీ మా దర్జీ ఆడిన కాలంలో బల్ల మీద గుడ్డ ఎలా ఉండేదో తెలుసా? దుప్పటి. బంతి కదలాలంటే బతిమాలాలి. ఇప్పుడు మీ గుడ్డ మీద తుమ్మితే చాలు, వెళ్ళి పాకెట్లో పడుతుంది. అసలివి పాకెట్లా, బకెట్లా?"

"దర్జీ ఆడింది బిలియర్డ్స్ కదండీ. మూడే బంతులు. ఇది పూల్. ఆటే వేరు."

"అందుకే కదయ్యా లెక్క కట్టేది!"

ఆ లెక్క ఆయన సొంతం. బిలియర్డ్స్‌లో వంద పాయింట్లంటే స్నూకర్‌లో యాభైకి సమానం. స్నూకర్‌లో యాభై అంటే పూల్‌లో వరసగా ఆరు గేములు గెలిచినట్టు. మందపాటి గుడ్డకి పాతిక శాతం కలపాలి. ఆటగాడికి కళ్ళజోడుంటే ఇంకో పది. స్నూకర్‌లో పేరు మోసిన కంపౌండర్‌కి మాత్రం విడిగా మరో అయిదు. ఎందుకని అడిగితే, "పగలంతా మందులు కలిపి సాయంత్రం వచ్చేవాడు పాపం, చేతులు జారేవి" అనేవాడు. ఈ కూడికలన్నీ అయ్యాక ఎప్పుడు చూసినా దర్జీ ఒకటి, కంపౌండర్ రెండు. మూడో స్థానం కోసం బతికున్నవాళ్ళు కొట్టుకోవచ్చు.

ఆ ఇద్దరూ పోయి చాలా కాలమైంది. పోయినవాళ్ళతో వచ్చిన చిక్కేమిటంటే, వాళ్ళు ఇక ఓడిపోరు.

మా అక్క ఈ జబ్బుతో కాపురం చేసింది. పెళ్ళయిన కొత్తలో "నేనెలా ఉన్నాను?" అని అడిగితే "బాగున్నావు" అన్నాడట. తర్వాతి మాట వచ్చేలోగా తను వంటింట్లోకి పరిగెత్తిందట. "ఇన్నేళ్ళయినా ఆ రెండో మాట వినలేదురా, అందుకే ఇంకా ఈయనతో ఉన్నాను" అనేది. కడుపు ఆపరేషన్ చేసిన డాక్టర్‌ని కూడా బావ వదల్లేదు. మత్తు దిగి కళ్ళు తెరుస్తూనే, "కుట్లు బాగున్నాయి డాక్టర్ గారూ, కానీ మా దర్జీ..." అన్నాడు.

నవ్వొస్తుంది కదూ. నాకు రాదు. నేనూ ఒకప్పుడు ఆడేవాణ్ణి. ఇరవై రెండేళ్ళప్పుడు, ఒక మధ్యాహ్నం, వాన వెలిసి కిటికీలోంచి ఎండ బల్ల మీద పడుతుంటే, ముందెప్పుడూ ఆడనంత బాగా ఆడాను. నేను చెప్పకముందే బంతులు నా మాట విన్నాయి. చివరి బంతి పడ్డాక ఆకుపచ్చ గుడ్డ మీద ఎండ తప్ప ఏమీ మిగల్లేదు. బావ వైపు తిరిగాను.

"బాగుంది బామ్మర్దీ. కానీ..."

మిగతాది వినలేదు. కర్ర గోడకి ఆనించి బయటికి నడిచాను, మళ్ళీ పట్టలేదు. బల్లల మీద గుడ్డ మార్చే పని నేర్చుకున్నాను. ముప్పై ఏళ్ళుగా ఎవరెవరో ఆడుకునే గుడ్డని లాగి, బిగించి, అంచు వెంట మేకులు కొడుతున్నాను. ఒక్కో మేకు కొట్టేటప్పుడు ఎవరి మొహం తలుచుకుంటానో చెప్పను.

ఇక యజమాని కొడుకు సంగతి. ఇరవై ఆరేళ్ళు. అందరూ చాంపియన్ అంటారు. నడక నేర్చిందే ఆ బల్లల కాళ్ళు పట్టుకుని. మా బావని బాబాయ్ అని పిలుస్తాడు. ఆ ఏడాది పూల్‌లో పెద్ద కప్పు గెలిచి వచ్చాడు. యజమాని హాలుకి రంగులు వేయించి, గోడకి బల్లంత ఫోటో పెట్టించి, ఊళ్ళో పెద్దలందరినీ పిలిచాడు. ఫోటో కింద ఇలా రాయించాడు: "అన్ని కాలాల్లో, అన్ని ఆటల్లో ఒక్కడే."

ఆ మాట కన్నతండ్రే అంటే ఎవరు నమ్ముతారు? మూడు కాలాలూ మూడు ఆటలూ కళ్ళారా చూసినవాడు ఊళ్ళో మా బావ ఒక్కడే. అందుకని యజమాని ముందురోజే బావని పిలిచి చెప్పాడు.

"మార్కర్, రేపు మైకు ముందు ఒక్క వాక్యం చెప్పు. మా వాడే అందరికంటే గొప్పవాడని. వాక్యం అక్కడ ఆగాలి."

"ఆగకపోతే?"

"కొత్త హాలుకి కొత్త మార్కరు వస్తాడు. పైన గది కూడా అతనికే."

పైన గదంటే మా అక్క కాపురం. కింద బంతులు ఢీకొనే చప్పుడు వింటూ ముప్పై ఎనిమిదేళ్ళు నడిచిన కాపురం.

"ఏమండీ, ఒక్క మాట మింగలేరా? ఇన్నేళ్ళు నా వంట మింగలేదూ?" అంది అక్క.

"మింగుతానే. ఒట్టు."

"బావా, దర్జీ పోయాడు, కంపౌండర్ పోయాడు. రేపు ఆ సంగతి గుర్తుంచుకో" అన్నాను నేను.

"పోయార్లేరా" అని, తన తెల్ల చొక్కా తనే ఉతుక్కుని ఆరేసుకున్నాడు.

మర్నాడు పదింటికి ఆ చొక్కా వేసుకుని మైకు ముందు నిలబడ్డాడు. "ఈ అబ్బాయి ఆట చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను. బాగుంది." ఆగాడు. హాల్లో ఫ్యాన్లు తప్ప ఏదీ కదల్లేదు. అక్క గోళ్ళు నా చేతిలో దిగాయి. యజమాని చప్పట్లకి చేతులు లేపాడు.

"కానీ," అన్నాడు బావ.

ఆ తర్వాత అరగంట. గుడ్డ మందం వచ్చింది, కళ్ళజోడు వచ్చింది, కంపౌండర్ జారే చేతులు వచ్చాయి. లెక్క తేలేసరికి చాంపియన్ మూడో స్థానంలో ఉన్నాడు. "ఇంకో మూడు కప్పులు గెలిస్తే కంపౌండర్‌ని దాటొచ్చు. దర్జీని దాటాలంటే పదేళ్ళు ఆడాలి" అని ముగించాడు. యజమాని చేతులు గాల్లోనే ఉండిపోయాయి. చాంపియన్ తల దించుకున్నాడు. పాపం, ఏడుస్తున్నాడనుకున్నాను.

సాయంత్రంలోగా గది ఖాళీ చేయమని కబురొచ్చింది.

మా ఇంట్లో రెండు గదులున్నాయి, ఒకటి వాళ్ళకిద్దామని సామాను సర్దడానికి వెళ్ళాను. అక్క ఎవరితోనూ మాట్లాడటం లేదు. గిన్నెలే మాట్లాడుతున్నాయి. నేను మాత్రం ఊరుకోలేదు.

"పోయిన ఇద్దరికి కుర్చీలు వేయడానికి, బతికున్న మనిషిని వీధిలో నిలబెట్టావు బావా! ఇప్పుడు దర్జీ వచ్చి గది ఇస్తాడా? నా ఆట చంపావు, సరే. మా అక్కేం చేసింది?"

బావ దుప్పటి మడత పెడుతూ ఉండిపోయాడు. మడత సరిగ్గా రాలేదు. విప్పి మళ్ళీ పెట్టాడు.

అప్పుడే చాంపియన్ మెట్లెక్కి రొప్పుతూ వచ్చాడు.

"బాబాయ్! నాన్న ఒప్పుకున్నాడు!"

"ఏం ఒప్పుకున్నాడు?" అంది అక్క. గిన్నెలు ఆగాయి.

"నన్ను ఆడనివ్వడానికి, పిన్నీ. అందరికంటే గొప్పవాడని పేరొచ్చాక ఓడిపోతే పేరు పోతుందట. అందుకని ఇక పోటీలు మానేసి, ఆ ఫోటో కింద కుర్చీ వేసుకుని కూర్చోమన్నాడు. ఇరవై ఆరేళ్ళకే! ఇవాళ పొద్దున హాలు తెరవకముందే వచ్చి బాబాయ్ కాళ్ళు పట్టుకున్నాను. నన్ను గొప్పవాణ్ణని అనొద్దు అని."

"మరి ఇప్పుడు?"

"ఇప్పుడు నాన్న మండిపోతున్నాడు. 'పోరా, ఆ దర్జీని దాటేదాకా నాకు మొహం చూపించకు' అన్నాడు. వచ్చే వారం పోటీకి తనే పేరిచ్చాడు." అతని గొంతు తగ్గింది. "మీ గది గురించి కూడా అడిగాను పిన్నీ. ఆ మాట ఎత్తనివ్వడం లేదు."

నేను బావ వైపు తిరిగాను.

"అయితే బావా, ఆ లెక్క?" అన్నాను.

"లెక్క ప్రకారం వీడే మొదటివాడురా. నాలుగేళ్ళ నుంచీ వీడే. వీడి ముందు దర్జీ సూదిలో దారం కూడా ఎక్కించలేడు."

"ఆ ముక్క మైకులో చెప్పకూడదూ?"

"చెబుదామనేగా చొక్కా ఉతుక్కుంది! జన్మకి ఒక్కసారి వాక్యం ఆపుదామనుకున్నాను. ఆపనిచ్చాడా వీడు?" అని విసుక్కున్నాడు. తర్వాత నా వైపు చూడకుండా అన్నాడు: "నువ్వే గొప్ప అంటే మనిషి మర్నాడు రాడురా. వచ్చినా ఫోటోకి వస్తాడు, ఆటకి రాడు. ఇంకొకడు ముందున్నాడంటే కర్ర పట్టుకుని పరిగెత్తుకుంటూ వస్తాడు. అందరూ వచ్చారు. నీ దగ్గరే లెక్క తప్పింది. దానికి ఎంత శాతం కలపాలో నాకు ఇప్పటికీ తెలీదు."

నా కోపం పోలేదు. ముప్పై ఏళ్ళ కోపానికి ఒక్క మాట చాలదు. కానీ నోట్లో ఉన్న తిట్టు ఎక్కడ పెట్టానో మర్చిపోయాను.

అక్క లేచి, ఇనప పెట్టెని కాలితో చాంపియన్ ముందుకి తోసింది. "గొప్పవాడివో కాదో మీ నాన్నా ఈయనా తేల్చుకుంటారు. ముందు ఇది పట్టు. తమ్ముడూ, నువ్వు ఆ వైపు. మెట్ల మలుపులో జాగ్రత్త."

మలుపులో పెట్టె ఇరుక్కుంది. కింద చాంపియన్, పైన నేను.

"ఎడమకి వంచు బాబూ!"

"నీ ఎడమా, నా ఎడమా మామయ్యా?"

ఇద్దరం రెండు ఎడమలకీ వంచాం. పెట్టె మూల వెళ్ళి, కొత్తగా రంగు వేసిన గోడని బారెడు గీరింది.

"ఫౌల్!" అన్నాడు పైనుంచి మార్కరు గొంతుతో బావ.

ఆయన వెనకాల మా అక్క, పొద్దుటి నుంచీ బిగబట్టుకున్న మనిషి, చీపురు చేత్తో పట్టుకునే పగలబడి నవ్వింది.