మెట్ల కింద డిటెక్టివులు

టీవీ మా ఊరికి రాకముందే టీవీ డిటెక్టివులు మా మెట్ల కిందికి వచ్చేశారు.

రంగూన్ నడిబొడ్డున లత అనే పేటలో, మూడో అంతస్తులో ఉండేవాళ్ళం. అమ్మ, అన్నయ్య, నేను, మా మేనత్త. నాన్న పోయాక అత్తే ఇంటికి పెద్ద. వీధి మెట్ల కింద జానెడు చోటులో దండెం కట్టి, బట్టల క్లిప్పులతో బొమ్మల పుస్తకాలు వేలాడదీసి అద్దెకిచ్చేది. బయటి దేశాల నుంచి అచ్చు కాగితం ముక్క రాని కాలం అది. ఓడల మీద పనికి పోయినవాళ్ళు పెట్టెల అడుగున పడేసి తెచ్చిన పాత కామిక్కులే ఆమె సరుకు. వాటిలో ఎక్కువ భాగం అమెరికా టీవీలో ఆడిన డిటెక్టివు కథలకి బొమ్మలు గీసి వేసినవి.

ఆ పుస్తకాలంటే నాకు ఇప్పటికీ ప్రాణం. అట్ట మీద నటుడి ఫోటో ఉండేది. లోపల బొమ్మల్లో మాత్రం మొహం వేరు. మొదటి పేజీలో ఉన్న ముక్కు చివరి పేజీకి ఉండేది కాదు. కారు ఒక గడిలో ఎరుపు, పక్క గడిలో నీలం. అయినా ఆ గీసినవాడి పనితనానికి దణ్ణం పెట్టాలి. నల్లటి గీతలు కొన్ని, ఒక వీధి దీపం, అంతే, వాన కురిసేది. కాగితం తడిసిందేమోనని వేలితో తడిమి చూసేదాన్ని.

అత్త ఆ పుస్తకాల్ని పసిపిల్లల్లా చూసుకునేది. తుప్పు పట్టిన పిన్నులు పీకేసి దారంతో కుట్టేది. పురుగు పట్టకుండా మైలుతుత్తం కలిపిన మైదా జిగురుతో పాత క్యాలెండరు అట్టలు అతికించేది. ఇంగ్లీషు కూడబలుక్కునేది గాని, కథంతా బొమ్మల్లోనే చదివేది. ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే మనిషి. హంతకుడెవరో సగం పుస్తకానికే పట్టేసేది.

"ఈడి జోళ్ళు సూడే. వానలో వొచ్చినోడి జోళ్ళు ఇంత సుబ్బరంగా ఉంటాయేటి?" అనేది.

తర్వాత ఊళ్ళోకి టీవీ వచ్చింది. కింది అంతస్తు వాళ్ళు కొన్నారు. ఒక సాయంత్రం డిటెక్టివు కథ వేస్తే మేమంతా వెళ్ళి కూర్చున్నాం. తెర మీద మా డిటెక్టివే. అత్త కాసేపు చూసి పెదవి విరిచింది.

"మన పుస్తకంలో ఇలగ లేదు. ఈల్లు మార్చీసారు."

పుస్తకమే అసలు, టీవీ వాళ్ళు దాన్ని చూసి తీశారని ఆమె నమ్మకం. మాకు ముందొచ్చింది అదే కాబట్టి మేమూ అలాగే నమ్మాం. కాలేజీలో చేరిన అన్నయ్య, కాదు, టీవీదే అసలని చెప్పబోతే, "పెద్ద సదువుకున్నావులే, అన్నం తిను" అని నోరు మూయించింది.

ఎనభై ఎనిమిది వానాకాలంలో సైనిక ప్రభుత్వం మీద ఊరు లేచింది. అన్నయ్య స్నేహితులతో ఊరేగింపుకి వెళ్ళాడు. సంచౌంగ్ వైపు కాల్పులు జరిగాయని సాయంత్రం తెలిసింది. వాడు రాలేదు. మర్నాడూ రాలేదు. అమ్మ కాలుగాలిన పిల్లిలా ఇల్లంతా తిరిగింది. ఆసుపత్రులు చూసొస్తానని మాటిమాటికీ మెట్లు దిగబోయేది. బయట ఇంకా తుపాకులు మోగుతున్నాయి. అత్త గుమ్మానికి అడ్డంగా కూర్చుంది.

"నువ్వెల్తే ఆడు దొరకడు, నువ్వూ పోతావు. ఎతకడం నాకొదిలీ."

నాకు ఒళ్ళు మండింది. అత్త వెతకడమంటే మెట్ల కిందికి పోయి కామిక్కులు ముందేసుకోవడం.

రంగూన్‌లో ప్రతి అంతస్తు నుంచీ వీధిలోకి ఒక తాడు వేలాడుతుంది. చివర క్లిప్పు ఉంటుంది. పేపరువాడు పేపరు తగిలిస్తే పైవాళ్ళు లాక్కుంటారు. జనం గడప దాటలేని ఆ రోజుల్లో అత్త మా వీధిలోని తాళ్ళన్నిటికీ పుస్తకాలు తగిలించింది, అద్దె లేకుండా. తగిలించిన ప్రతిచోటా తలెత్తి, మావాడు కనబడలేదు, చదివి ఇంకొకరికిచ్చేటప్పుడు ఈ మాటా, మా ఇంటి గుర్తూ కూడా చెప్పండి అని బతిమాలింది. పుస్తకాలు చేతులు మారి వీధులు దాటాయి. మా కబురూ వాటితో వెళ్ళింది. అవి తిరిగొస్తాయన్న ఆశ ఆమెకి లేదు. అన్నేళ్ళు కుట్టుకున్న సరుకుని వాడి కోసం అలా గాలికి వదిలేసింది. అప్పటి నా కోపం తలుచుకుంటే నవ్వొస్తుంది. అంత తెలివైన మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

ఒక ఉదయం దలా నుంచి చేపలు పట్టే మనిషి చిన్న పడవలో ఏరు దాటి వచ్చాడు. చేతిలో అత్త పుస్తకం. అతనికి తెలుగు రాదు. వాళ్ళింట్లో ఒక కుర్రాడు దాక్కున్నాడని, చూస్తే మీ వాళ్ళలాగే ఉన్నాడని బర్మా భాషలో చెప్పాడు. కాలికి దెబ్బ. పేరు అడిగితే భయపడి చెప్పడం లేదట.

అమ్మ లేవబోయింది. అత్త చెయ్యి పట్టి ఆపింది. అలాంటి కుర్రాళ్ళు ఎందరో. తీరా వాడు కాకపోతే అమ్మ తట్టుకోలేదు. అందుకని అత్త నెమ్మదిగా ఒక్కొక్కటే అడిగింది. పొడుగా? మామూలే. మీసం? లేదు. చొక్కా? నెత్తురైతే పారేశాం. ఏదీ తేలలేదు. చివరికి, అన్నం సరిగ్గా తింటున్నాడా అని అడిగింది.

"ఏం పెట్టినా తింటాడు. మొదటి రోజు గోంగూర కూరతో తిన్నాడు. కానీ కాస్త అన్నం పక్కకి తీసిపెట్టి, చెయ్యి కడుక్కోకుండా కూర్చున్నాడు. ఇంకా ఏం కావాలని మా ఆవిడ అడిగితే, పెరుగుందా అన్నాడు. మా ఇళ్ళలో పెరుగెక్కడిది?"

ఏనాడూ కామిక్కు ముట్టుకోని మా అమ్మ అడిగింది, వచ్చీరాని బర్మాలో. ఆ తీసిపెట్టిన అన్నానికి మధ్యలో గుంట చేశాడా?

అతను ఆశ్చర్యపోయాడు. "చేశాడు. వేలితో."

"ఆడే, వొదినా" అంది అమ్మ. "నా కొడుకే."

అన్నాళ్ళూ కంటతడి పెట్టని అత్త అక్కడే కూలబడి వెక్కివెక్కి ఏడ్చింది. నేనూ ఏడ్చాను. అమ్మ ఏడవలేదు. వంటింట్లోకి వెళ్ళి, ఉన్న కాసిని పాలు కాచి తోడు పెట్టింది. దెబ్బ తగిలిన కాలితో వాడు చిన్న పడవెక్కి రాలేడు, పెద్ద పడవలు తిరగడం లేదు. మర్నాటికి ఆ పెరుగు పులిసిపోయింది. అమ్మ మళ్ళీ తోడు పెట్టింది. అలా, వాడు కుంటుకుంటూ మెట్లెక్కి వచ్చేదాకా, రోజూ పెట్టింది.