లూపులో ఆగిన ప్యాసింజరు

ఏ బండి ముందు పోవాలో చెప్పే కంట్రోలు ఆఫీసు ఫోను ఎత్తే ముందు స్టేషన్ మాస్టరు చొక్కా పైగుండీ పెట్టుకుంటాడు, అవతలివాడికి కనబడతాడేమో అన్నట్టు. ఇరవై ఆరేళ్లుగా ఆ ఫోనులో ఆయన అన్నది ఒకటే మాట: "సరే సార్."

ఆ లైను మీద బొగ్గుదే పెద్దరికం. పొద్దుటి ప్యాసింజరును రోజూ పక్కనున్న లూపు లైనులో నిలబెట్టి, గూడ్సుకు దారివ్వాలి. పక్క స్టేషన్లవాళ్లు కంట్రోలరును బతిమాలి, ఒక్కోసారి ప్యాసింజరునే ముందు పంపించుకుంటారు. ఈయన అడగడు. ఉన్నది మొహమాటం, దానికి నిబంధన అని పేరు పెట్టుకున్నాడు.

ఆ రోజు ప్యాసింజరులో చెల్లెలుంది. నాలుగు స్టేషన్ల అవతల, జంక్షన్ ఊరి ఆసుపత్రిలో ఆవిడ భర్తకు ఆఖరి ఘడియలు. రోడ్డు మీద వెళ్తే మూడు గంటల చుట్టుదారి. బండి ఆగగానే ఆవిడ దిగి అన్న గదిలోకి వచ్చింది. మూడు గూడ్సులు వరసగా ఉన్నాయని చెప్పాడు. బయట ఎవరో, పాపం బొగ్గుకు ఆఫీసు టైమైనట్టుంది అంటే ఇద్దరు ముగ్గురు నవ్వారు.

"ఒక్కమాట అడుగన్నయ్యా. నీ నోటి ముత్యాలేం రాలిపోవు."

"రోజూ ఎక్కేవాళ్ల కోసం అడగనివాణ్ని. ఇవాళ నీకోసం ఎలా అడగనే?"

ఆవిడ, అన్న ఇచ్చిన మంచినీళ్లు కూడా ముట్టకుండా వెళ్లి పెట్టెలో కూర్చుంది.

మొదటి గూడ్సు పోయింది. రెండోది పోయింది. మూడోది కనుచూపు మేరలో ఉండగా ఆసుపత్రి నుంచి మేనల్లుడు ఫోను చేశాడు. నాన్న పోయాడు మామయ్యా, అన్నాడు. అమ్మకు ఇప్పుడే చెప్పొద్దు, బండిలో ఒక్కతే ఉంటుంది, అన్నాడు.

మూడోది కూడా దాటాక లైను దొరికింది. ఆయన పచ్చజెండా పట్టుకుని ప్లాట్‌ఫాం మీద నిలబడ్డాడు. చెల్లెలి కిటికీ మెల్లగా కదిలి ఎదురుగా వచ్చింది.

"అందుకుంటానా అన్నయ్యా?"

"ముప్పావుగంటలో అక్కడుంటావు."

ఆ మాటకే ఆవిడ ముఖం కాస్త తేటపడింది.

చెల్లెలి దగ్గరికి వెళ్లడానికి ఆయన పిలిపించిన బదులు మాస్టరు మర్నాడు పొద్దున గానీ రాలేకపోయాడు. డ్యూటీ అప్పగించే ముందు, ప్యాసింజరు వెనక స్టేషనులో బయల్దేరిందనగా, ఆయనే కంట్రోలుకు ఫోను చేశాడు. ఇవాళ దాన్ని ముందు పంపనివ్వమని అడిగాడు. అలవాటు లేని మాట, రెండుచోట్ల తడబడింది.

"మీవాళ్లెవరైనా ఉన్నారా అందులో?" అన్నాడు కంట్రోలరు.

లేరని చెప్పి, మళ్లీ అడిగాడు.