డాక్టరు కోసం చేసిన కుంకుమ

ఆ శుక్రవారం పొద్దున తలస్నానం చేసి, అద్దం ముందు నిలబడి బొట్టు పెట్టుకున్నాను. వేలు తీసేలోపలే నుదురు చురుక్కుమంది. మిరపకాయలు తుంచిన చేత్తో తాకినట్టు మంట. కుంకుమలో నిమ్మరసం ఎక్కువైందేమో అనుకున్నాను. తుడిచేసి, కాస్త కొబ్బరినూనె రాసి, మళ్లీ అదే కుంకుమ పెట్టుకున్నాను. బోసి నుదురుతో మొగుడికి అన్నం వడ్డించడమా? ఎనభైల మొదట్లో మా పాకాలలో అలాంటి ఆలోచన ఎవరికీ వచ్చేది కాదు.

ఆ కుంకుమ నేను చేసిందే. మా ఆయన పాకాల స్టేషన్లో గూడ్సు గుమాస్తా. ఆయన డ్యూటీకి వెళ్లాక నా పని మొదలయ్యేది. పెసలు, కచ్చూరాలు, బావంచాలు, ఎండు గులాబీ రేకులు దంచి, పలచని గుడ్డలో జల్లించి సున్నిపిండి చేసేదాన్ని. ఆముదం దీపం మీద కాటుక పట్టేదాన్ని. పసుపు కొమ్ములను నిమ్మరసం, పటిక, వెలిగారంలో నానబెట్టి, నీడలో ఆరబెట్టి, దంచి కుంకుమ చేసేదాన్ని. తాటాకుతో జానెడు పెట్టె అల్లి, మూడింటినీ అందులో సర్ది పెండ్లిళ్లకు, సీమంతాలకు ఇచ్చేదాన్ని. చుట్టాల్లో ఏ ఇంట్లో శుభకార్యమైనా "రాజమ్మ పెట్టె యాడ?" అని అడిగేవాళ్లు. అడగకపోతే నాకు కోపం వచ్చేది. ఒప్పుకుంటున్నాను.

వారం తిరిగేసరికి బొట్టు పెట్టే చోట ఆవగింజల్లాంటి పొక్కులు లేచాయి. దురద. గోకితే రసి. మా ఊరి డాక్టరు చూసి "వేడి చేసిందమ్మా, మజ్జిగ తాగు" అని ఏదో తెల్ల మందు రాసిచ్చాడు. పక్కింటావిడ దిష్టి తీసింది. రెండూ చేశాను, రెండూ పనిచేయలేదు. తిరుపతికి వెళ్లి ఇంకో డాక్టరుకు చూపించుకున్నాను. ఆయన "ఫంగస్ కావచ్చు" అని ఒక క్రీము ఇచ్చి, "కొన్నాళ్లు కుంకుమ మానేయ్" అన్నాడు. సరేనని తల ఊపాను. ఇంటికొచ్చి బొట్టు కొంచెం చిన్నదిగా పెట్టుకున్నాను. అదీ నేను మానిన తీరు.

పొక్కులు ఎండేవి, మళ్లీ లేచేవి. నాలుగు నెలల్లో రూపాయి బిళ్లంత చోటు మాడిన రొట్టెలా నల్లబడింది. "బొల్లి ముందు నల్లగానే మొదలవుతాదంట" అని బావి దగ్గర ఎవరో అన్నారు. ఆ మాట విన్న రోజు అన్నం సయించలేదు. ఇక లాభం లేదని మా ఆయన వేలూరు ప్రయాణం పెట్టాడు.

అక్కడ స్కిన్ డిపార్ట్‌మెంటులో ఒక డాక్టరమ్మ. తమిళం కలిసిన తెలుగు. భూతద్దంతో నుదురు చూసి, "ఇది బొల్లి కాదు, ల్యూకోడెర్మా కాదు, భయపడవద్దు" అంది. ప్రాణం లేచొచ్చింది. "కాంటాక్ట్ డెర్మటైటిస్ అనుకుంటున్నాను, పూసుకునేది ఏదో చర్మానికి పడటం లేదు. మీరు దినమూ పూసేదంతా కొంచెం కొంచెం తీసుకుని రండి. పాచ్ టెస్ట్ చేస్తాము. కుంకుమ మీరే చేస్తారా? అందులో ఏమేమి వేస్తారు?"

"పసుపు, నిమ్మరసం, పటిక, వెలిగారం, ఒక చుక్క నువ్వులనూనె," అన్నాను.

"ఇంకేమీ లేదా?"

"ఇంకేముంటాది డాక్టరమ్మా? అంతా ఇంట్లో వస్తువులే. మందులూ మాకులూ కలిపేదాన్ని కాదు నేను!" అన్నాను. ఆమె అడిగింది ఒకటే ప్రశ్న. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు అన్ని మాటలు ఎందుకు మాట్లాడానో నాకే తెలుసు.

మీకు ఇప్పుడే చెప్పేస్తాను. ఇంట్లో చేసిన కుంకుమ అంత ఎర్రగా రాదు. ఇటుక రంగులో ఉంటుంది. అంతకు రెండేళ్ల ముందు ఒక పెండ్లిలో, పెండ్లికూతురి మేనత్త నా పెట్టె తెరిచి, "ఏందిది, ఇటికపొడి మాదిరుండాది?" అని పదిమందిలో నవ్వింది. నా తల తీసేసినట్టయింది. తర్వాత తిరుపతి బజారుకు వెళ్లినప్పుడు ఎర్రరంగు పొడి పొట్లం ఒకటి కొన్నాను. మొదట చిటికెడు కలిపాను. తర్వాత చెంచాడు. "అబ్బ! ఏం రంగు రాజమ్మా, నీ చెయ్యే చెయ్యి" అన్నారు. ఆ పొట్లాన్ని చింతపండు కుండ వెనక దాచేదాన్ని. మా ఆయనకు కూడా తెలియదు.

పాచ్ టెస్టుకు పదిరోజులు టైమిచ్చారు. ఆ పదిరోజుల్లో నేనేం చేశానంటే, తలంటుకుని, మడి కట్టుకుని, కొత్తగా కుంకుమ చేశాను. మేలైన కొమ్ములు ఏరి, రంగు చిటికెడు కూడా వేయకుండా. పెద్ద డాక్టరమ్మకు చూపించబోతున్నాను కదా, శుద్ధంగా ఉండాలని. మా ఇళ్లల్లో పెద్దవాళ్లకు ఏదిచ్చినా అట్లాగే ఇస్తాం. అది మోసమని ఆరోజు నాకు తట్టలేదంటే మీరు నమ్మరు. తాడిచెట్టు ఎందుకెక్కావంటే దూడగడ్డికి అన్నట్టుందనే అంటారు. అనండి.

వీపు మీద వరసలుగా పొట్టిపొట్టి పట్టీలు అంటించారు. ఒక్కోదాని కింద ఒక్కో వస్తువు, పక్కన నంబరు. రెండు రోజులు తడపకూడదు, వంగకూడదు. ఆసుపత్రి దగ్గరే ఒక గదిలో దిగాం. దురదకు నేను గోడకు వీపు ఆనించబోతే మా ఆయన, "ఏయ్, కదలొద్దు. నీ వీపు గూడ్సు బండి మాదిరుండాది. ఒక పెట్టె పక్కకు పోయినా నేను లెక్క చెప్పలేను" అని నవ్వించాడు.

రెండోరోజు విప్పి చూశారు, నాలుగోరోజు మళ్లీ చూశారు. "మీరు తెచ్చిన కుంకుమకు నెగటివ్. రియాక్షన్ లేదు" అంది డాక్టరమ్మ. ఆమె ముఖంలో అనుమానం పోలేదు. సబ్బు, తలనూనె మార్చమని, ఆయింట్‌మెంటు రాసి, నెలకు రివ్యూకు రమ్మంది.

నేనైతే కేసు గెలిచినట్టు ఇంటికొచ్చాను. కుంకుమ తప్పు కాదని వేలూరులోనే చెప్పారు! పాత భరిణె తీసి, ఎర్రటి బొట్టు రూపాయంత పెట్టాను. వారంలో కనురెప్పలు కూడా వాచాయి. రివ్యూకు వెళ్లలేదు. ఏ ముఖం పెట్టుకుని వెళ్లను?

ఇక వసంత సంగతి. వసంత నా చెల్లెలు. మా అమ్మ పోయాక దాన్ని పెంచింది నేనే. నేను వేలూరు వెళ్లడానికి నెల ముందు చంద్రగిరికి ఇచ్చి పెండ్లి చేశాం. సారెలో మిగతావాళ్లకంటే పెద్ద పెట్టె అల్లి ఇచ్చాను. ఏడాదికి సరిపోయే కుంకుమ పోశాను.

పెండ్లయిన మూడు నెలలకు, ఒక మధ్యాహ్నం రైలు దిగి ఒక్కతే వచ్చింది. కొంగు నుదుటిదాకా లాక్కుని ఉంది. మాలో అట్లా ముసుగు వేసుకునే అలవాటు లేదు.

"ఏమే, సెప్పకుండా వొచ్చినావు? తీ ఆ కొంగు."

తీయలేదు. నేనే లాగాను. నా నుదురు దాని ముఖం మీద కనిపించింది. అవే పొక్కులు, అదే నలుపు.

"మా అత్త పొమ్మనిందక్కా. మీ అక్క జబ్బే నీకూ వొచ్చింది, మీ ఇంటి నెత్తుర్లోనే ఉండాది, నయమైనాకనే రా అనింది," అని నా ఒళ్లో పడి ఏడ్చింది.

"ఏం పూసినావే?"

"ఏం పూస్తా? నువ్విచ్చిన కుంకుమే. మంట పుట్టినప్పుడంతా ఇంకొంచెం పెట్టుకుంటి. అక్క సేసింది గదా, మంచే సేస్తాదని."

చింతపండు కుండ వెనక పొట్లం గుర్తొచ్చింది. అయినా ఆ రోజు దానికి చెప్పలేదు. చెబితే మానం పోతుంది, చెప్పకపోతే ప్రాణం పోతుందంటారు. నేను మానాన్నే పట్టుకు కూర్చున్నాను. తెల్లవారాక చూస్తే, వసంత స్నానం చేసొచ్చి అద్దం ముందు తనతో తెచ్చుకున్న సారె పెట్టె తెరిచి, కుంకుమలో వేలు ముంచింది. వెళ్లి చెయ్యి పట్టుకున్నాను.

"వొద్దే! దాంట్లో రంగు కలిపినాను. అంగట్లో కొన్న రంగు."

వసంత వేలు అట్లాగే గాల్లో ఉంది. "డాక్టరమ్మకు సెప్పినావా?"

"లేదు."

"బావకు?"

"లేదు."

"నాకన్నా సెప్పింటే ఏం పోయిండునక్కా?"

దాని వేలికున్న కుంకుమ నా కొంగుతో తుడిచాను.

ఆ సాయంత్రం మా ఆయనకూ చెప్పి, ఆ వారమే వసంతా నేనూ వేలూరు వెళ్లాం. ఈసారి వసంత పెట్టెను, నా పాత భరిణెను, చింతపండు కుండ వెనక పొట్లాన్ని డాక్టరమ్మ బల్లమీద పెట్టి, జరిగిందంతా చెప్పాను. ఆమె తమిళంలో చాలాసేపు తిట్టింది. తిట్టడం అయ్యాక మెల్లగా అంది: "మీరు ముందు నాకు తెచ్చింది దేవుడికి పెట్టే నైవేద్యమమ్మా. నాకు కావలసింది మీరు దినమూ తినే సద్దికూడు."

ఇద్దరి వీపులకూ పట్టీలు పడ్డాయి. నాలుగోరోజుకు రంగుపొడి పెట్టిన చోట ఇద్దరికీ ఎర్రగా పొంగింది. "పాజిటివ్. అలర్జిక్ కాంటాక్ట్ డెర్మటైటిస్. నెత్తుటి జబ్బు కాదు, అంటుకునేది కాదు. ఈ నలుపు, పిగ్మెంటేషన్, పోవడానికి నెలలు పడుతుంది" అని ఇంగ్లీషులో కాగితం కూడా రాసిచ్చింది.

"ఆ కాగితం సాల్లే, మీ అత్తకు పోస్టులో పంపిద్దాం" అన్నాడు మా ఆయన, మేం ఇంటికొచ్చాక. వసంత నావైపు చూసి, "కాగితం ఆడెవరు సదువుతారు బావా? అక్కే వొచ్చి సెప్పల్ల" అంది.

ఆదివారం వసంతను వెంటబెట్టుకుని చంద్రగిరికి వెళ్లాను. వసంత వాళ్ల అత్త మంచినీళ్లిచ్చి ఎదురుగా కూర్చుంది. చెప్పాను. పొట్లం సంగతి, డాక్టరు కోసం వేరే కుంకుమ చేసిన సంగతి, ఏదీ వదలకుండా.

"అంటే ఇది జబ్బు కాదా? నువ్వు సేసిన పనా?"

"నేను సేసిన పనే."

"ఆ పిల్ల ఇన్నాళ్లూ నీకోసం మాట పడిందే! ఈ ముక్క నీ నోట్లోంచి ముందే రాకపాయెనే!" అంది. అనాల్సిన మాటే అంది, పడాల్సినదాన్నే పడ్డాను.

నేను లేచేసరికి ఆమె అలవాటుగా బొట్టు పెట్టి పంపడానికి కుంకుమ భరిణె తెచ్చింది. వేలు ముంచి, నా నుదురు చూసి ఆగింది. "నుదుటికొద్దులే" అని చిటికెడు కుంకుమ నా అరచేతిలో పెట్టింది. గడప దగ్గరే నిలబడిన వసంతవైపు తిరిగి, "ఆడనే నిలబడినావేందే? లోపలికి రా, అన్నం సల్లారతా ఉండాది" అంది.

తర్వాత మందులు. పొద్దునా సాయంత్రం పలచగా స్టెరాయిడ్ ఆయింట్‌మెంటు, దురదకు మాత్ర, ఎండలోకి వెళ్తే గొడుగు. మూడు వారాలకు మంట తగ్గింది. అంతలో ఒక గృహప్రవేశంలో ఎవరో ముత్తైదువ ప్రేమగా కుంకుమ పెట్టేసింది, మళ్లీ రసి కారింది. అప్పటినుంచి ఎక్కడికి వెళ్లినా ముందే చెయ్యి చాపి, "చేతిలో పెట్టమ్మా" అంటున్నాను. పెట్టెలు ఇచ్చిన ఇళ్లన్నీ తిరిగి కుంకుమ వెనక్కి అడిగాను. ఇటికపొడి అని నవ్విన మేనత్త మాత్రం, "నాకేం కాలా, రంగు బ్రమ్మాండంగా ఉండాది, నేనియ్యను" అని తలుపేసుకుంది. దండం పెట్టి వచ్చేశాను.

వసంతకు ఆరు నెలల్లో పూర్తిగా పోయింది. నాకు ఇన్నేళ్లకూ శనగగింజంత మచ్చ మిగిలింది. సగ్గుబియ్యం మాడ్చి ఇంట్లో కాచిన సాదుతో దానిమీదే నల్లబొట్టు పెట్టుకుంటాను. అది కూడా ముందు వీపుమీద పెట్టి చూపించుకున్నాకే. పెట్టెలు ఇప్పటికీ అల్లుతున్నాను. కుంకుమ ఇటుకరంగులోనే ఉంటుంది, అందులో ఏమేం వేశానో చీటీ రాసి పెడతాను. ఇంటి పసుపూ నిమ్మరసమూ కూడా కొందరికి పడవని డాక్టరమ్మ చెప్పింది కాబట్టి, ముందు మోచేతి మడతలో పెట్టి రెండురోజులు చూడమని కూడా రాస్తాను. వసంత మాత్రం చీటీ చదవదు. "అక్కా, ఇటికపొడి అయిపోయింది, పంపు" అని కార్డు రాస్తుంది.

నేను చెప్పగలిగేది ఒక్కటే. డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు మీరు రోజూ వాడేదాన్నే, వాడే డబ్బాతో సహా తీసుకెళ్లండి. అడిగినదానికి ఉన్నది ఉన్నట్టు చెప్పండి. డాక్టరు కోసమని శుద్ధంగా ఇంకొకటి చేయకండి. నేను చేశాను. ఆ తప్పును మా వసంత తన నుదుటిమీద మోసింది.