నీళ్ళు తాగని పరుగు

మా డిపోలో ఆమెను ‘ఒంటె’ అనేవాళ్ళు. ఎదురుగా అన్నా కోపగించుకునేది కాదు, నవ్వి ఊరుకునేది. మెడ పొడుగని వచ్చిన పేరు కాదది. పొద్దున డ్యూటీ ఎక్కిన దగ్గర్నుంచి సాయంత్రం దిగేదాకా ఆ మనిషి గొంతులో చుక్క నీరు పడగా చూసినవాడు లేడు. ఆమె కండక్టరు, నేను ఆ బస్సుకి డ్రైవర్ని. మిగతావాళ్ళకి అదొక వింత. ఎందుకు తాగదో నాకు తెలుసు.

మాది ఊరి నుంచి రేవు దాకా వెళ్ళి వచ్చే రూటు. ఊరు దాటాక సిమెంటు ఫ్యాక్టరీ, తర్వాత ఉప్పు గోదాములు, ఆ పైన గాలి తప్ప ఏమీ లేని రోడ్డు. రేవులో బస్సు తిప్పుకునే చోట ఒక రేకుల షెడ్డు, అందులో టైమ్ కీపరు కుర్చీ, అంతే. మగవాళ్ళకేం, షెడ్డు వెనక గోడ ఉంది. ఆడమనిషి ఎక్కడికి వెళ్తుంది? ఉద్యోగంలో చేరిన కొత్తల్లో ఒకసారి ఇక ఆపుకోలేక పెట్రోలు బంకు దగ్గర బండి ఆపమంది. ఆపాను. అక్కడ బాత్రూంకి తాళం, తాళంచెవి ఉన్నవాడు భోజనానికి పోయాడు. వాడి కోసం చూస్తుంటే బస్సులో గోల మొదలైంది. “ఇవన్నీ ఇంట్లో చూసుకుని రావాలమ్మా” అన్నాడొక పెద్దమనిషి, పదిమంది వినేట్టు. కంప్లైంటు కూడా ఆయనే రాసి ఉంటాడు. సొంత పనికి బస్సు ఆపినందుకు ఆమెకు మెమో ఇచ్చారు. ఆ రోజుతో ఆమె డ్యూటీలో నీళ్ళు మానేసింది. రేవులో ఒక మరుగుదొడ్డి కట్టించండి మహాప్రభో అని మేం ఎన్ని అర్జీలు పెట్టినా ఒకటే జవాబు, స్థలం లేదని. సముద్రం దాకా ఖాళీ నేల పడి ఉన్న చోట స్థలం లేదట! చెవిటివాడి ముందు శంఖం ఊదడమంటే ఏమిటో ఆ అర్జీలు రాసినప్పుడే నాకు అర్థమైంది.

పరుగు పిచ్చి ఆమెకు మొగుడి పుణ్యాన పట్టింది. ఆయన టైలరు, మంచివాడు, కానీ ఒళ్ళు వంచేది మిషను మీదికే. కూర్చుని కూర్చుని షుగరు తెచ్చుకున్నాడు. డాక్టరు నడవమంటే తోడు రమ్మని పెళ్ళాన్ని బతిమాలాడు. వారం తిరక్కుండానే ఆయనకు మోకాలు నొప్పి వచ్చింది, ఆ తర్వాత చలి, ఆ తర్వాత అర్జెంటు బట్టలు. ఆమె మాత్రం మానలేదు. డ్యూటీ దిగి, బ్యాగు అప్పజెప్పి, మైదానం చుట్టూ తిరిగేది. నడక కాస్తా మెల్లగా పరుగైంది. “ఊరందరిదీ ఒక దారి, మా ఆవిడది ఒక దారి” అంటూనే ఆయన ఆమెకు పరుగు ప్యాంటు ఒకటి కుట్టిపెట్టాడు. దానికి ఎన్ని జేబులో! అందులో ఏం పెట్టుకుంటావని నేను ఏడిపిస్తే, “చిల్లర” అని పకపకా నవ్వింది.

మా బస్సులో రోజూ ఎక్కే డ్రిల్లు మాస్టారు ఒకాయన ఉండేవాడు. రిటైరైనా మెడలో విజిల్ తీయలేదు. అల్ట్రా మారథాన్ గురించి మొదట చెప్పింది ఆయనే.

“మారథాన్ వినే ఉంటావు, నలభై రెండు కిలోమీటర్లు. ఇది దాని తాత. ఎనభై. మన రోడ్డు మీదే పెడుతున్నారమ్మా, ఊరి నుంచి రేవుకి, రేవు నుంచి మళ్ళీ ఊరికి. నువ్వు పరిగెత్తగలవు.”

ఆమె టికెట్ ఇవ్వడం మరిచిపోయి ఆయన మొహం చూస్తూ నిలబడింది. ఆ ట్రిప్పు అయ్యాక నాకు ఒళ్ళు మండింది.

“నీకేమన్నా మతి పోయిందా చెల్లెమ్మా? నడుం పట్టేసిందని మూలిగే వయసులో ఎనభై కిలోమీటర్లేంటి? ఈ రోడ్డు మీద బస్సే ఆయాసపడుతుంది.”

“ఇన్నేళ్ళుగా ఈ రోడ్డు మీదే తిరుగుతున్నా కదా అన్నయ్యా. ఒక్కసారి, ఎవరికీ టికెట్ కొట్టకుండా వెళ్ళాలని ఉంది.”

ఆమె ఇంతకు ముందు ఏదైనా కావాలని అడగగా నేను వినలేదు.

మాస్టారు ఆమెను శిష్యురాలిగా పట్టేశాడు. సెలవు రోజు వస్తే చాలు, ఆమె ముందు పరుగు, ఆయన వెనక మోపెడ్ మీద. దూరం కొంచెం కొంచెంగా పెంచుకుంటూ పోయారు. మొదట సిమెంటు ఫ్యాక్టరీ దాకా, తర్వాత గోదాముల దాకా, ఆ తర్వాత రేవు దాకా. కాలివేళ్ళ గోళ్ళు నల్లబడి ఊడాయి. ఇంట్లో మెట్లు దిగాలంటే వెనక్కి తిరిగి దిగేది. బస్సులో మాత్రం ఆ చివర్నుంచి ఈ చివరకి అంతకు ముందెన్నడూ లేనంత హుషారుగా తిరిగేది. ఎత్తు రోడ్డు వస్తే కిటికీలోంచి చూసి, “ఇక్కడ నేను నడుస్తా అన్నయ్యా, దిగేటప్పుడు పరిగెత్తుతా” అని లెక్కలేసుకునేది. ఆ మొహం చూస్తే నాకే ముచ్చటేసేది. 

మాస్టారు నీళ్ళ గురించి చెప్పలేదని కాదు. మైలురాయి కనిపించినప్పుడల్లా గుక్కెడు తాగమన్నాడు. ఆమె సీసా ఎత్తేది, పెదాలు తడిపేది, మూత పెట్టేసేది. రోడ్డు మీద నీళ్ళు తాగడమంటే ఆమెకు భయం. అలవాటు కాదది, భయం. బస్సు లేకపోయినా, జనం లేకపోయినా, ఆ రోడ్డు ఆ రోడ్డే కదా. సీసా ఇంటికి నిండుగా తిరిగి వచ్చేది. మాస్టారు అది చూసి మురిసిపోయాడు. “ఇంత ఎండలో నీళ్ళు అడగదయ్యా! పుట్టుకతో వచ్చిన వరం” అని బస్సంతా చాటింపు వేశాడు. ఎంత చదివినా, ఎంత విజిల్ ఊదినా మగవాడు మగవాడే. ఆయనకు తోచలేదు.

మా మేనేజరుకి ఈ వార్త చేరింది. దొరగారికి ఉన్నట్టుండి సిబ్బంది క్షేమం గుర్తొచ్చింది. పరుగు ప్యాంటులో ఆమె ఫోటో పెద్దది తీయించి నోటీసు బోర్డు పక్కన పెట్టించాడు. కింద ‘ఆరోగ్యమే మహాభాగ్యం’ అని రంగు అక్షరాలు. మెమోలు అంటించే బోర్డు పక్కన ఆమె నవ్వు మొహం! ఆమె సిగ్గుపడింది, లోపల సంతోషించింది కూడా. ఎందుకు సంతోషించదు? డిపో గోడ మీద ఆమె పేరు మంచికి ఎక్కడం అదే మొదలు.

పందేనికి ముందు ఆఖరి పెద్ద ప్రాక్టీసు. ఎండ దంచుతున్న రోజు. రేవు దాకా వెళ్ళి తిరిగొస్తూ సిమెంటు ఫ్యాక్టరీ స్టాపు దగ్గర పడిపోయింది. మాస్టారు ఫోను చేస్తే నేను ఆటో తీసుకుని పరిగెత్తాను. స్టాపు బెంచీ మీద పడుకోబెట్టి ఉన్నారు. పెదాల మీద తెల్లగా ఉప్పు కట్టింది. కళ్ళు తెరిచి నన్ను చూసి, “ఇంకొంచెమే ఉంది కదన్నయ్యా” అంది. ఆస్పత్రిలో పరీక్షకు పట్టిన మూత్రం కాఫీ డికాక్షన్ రంగులో ఉంది.

డాక్టరమ్మ రిపోర్టులు రెండుసార్లు తిరగేసింది. తర్వాత అడిగింది.

“నీళ్ళు ఎప్పట్నుంచి ఇలా తగ్గించేశారు? పరుగు మొదలుపెట్టాకా?”

“కాదండి, ఉద్యోగంలో చేరాక.”

“యూరిన్ ఆపుకోవడం?”

“అదీ అప్పట్నుంచేనండి.”

కిడ్నీలు సగానికి సగం దెబ్బతిన్నాయని చెప్పింది. ఇది నిన్నటిదీ మొన్నటిదీ కాదు, ఏళ్ళుగా లోపల జరుగుతున్నది, ఈ పరుగుతో బయటపడింది, అంతే అంది. ఈసారి పందెం మరిచిపోవాలి. గంట గంటకీ నీళ్ళు తాగాలి, వచ్చినప్పుడల్లా బాత్రూంకి వెళ్ళాలి, ఎట్టి పరిస్థితిలోనూ ఆపుకోకూడదు. “అలా ఒక ఏడాది నిలబెట్టుకుంటే మళ్ళీ పరుగు సంగతి ఆలోచిద్దాం. లేదంటే డయాలసిస్ సంగతి ఆలోచించాలి.” ఆమె చెవికి మొదటి మాట ఒక్కటే ఎక్కింది. “ఏడాదేగా, వచ్చే ఏడు పరిగెత్తొచ్చుగా?” అని గుమ్మం దాటేలోపు రెండుసార్లు అడిగింది.

ఇక చూడాలి జనం నోళ్ళు! పరుగే ఆమె కిడ్నీలు తిన్నదని డిపో అంతా తేల్చేసింది. చిత్రం ఏమిటంటే ఆ మాట అన్నవాళ్ళలో ఆడ కండక్టర్లు కూడా ఉన్నారు, వాళ్ళూ డ్యూటీలో నీళ్ళు తాగరు. చివరికి మొగుడు కూడా, పాపం భయంతోనే కావచ్చు, “నేను కుట్టిన ప్యాంటే నీ కొంప ముంచింది” అని దాన్ని తీసి ఎక్కడో దాచేశాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఇన్నేళ్ళు ఈ ఉద్యోగం ఆ మనిషి ఒంటిని కొరుక్కు తింటుంటే ఎవడికీ పట్టలేదు. నాలుగు నెలలు తన ఇష్టానికి పరిగెత్తేసరికి తప్పంతా దానిదే అయింది.

నేనే ఆమెను మేనేజరు దగ్గరికి తీసుకెళ్ళాను. పాసులిచ్చే కిటికీ దగ్గర కూర్చునే పని ఖాళీగా ఉంది. అక్కడ ఫ్యాను ఉంది, నీళ్ళ కుండ ఉంది, పక్కనే బాత్రూం ఉంది. డాక్టరమ్మ కాగితం కూడా ఇచ్చింది. మేనేజరు దాన్ని చూసి, తలెత్తి, గోడ మీద ఫోటో వైపు చూశాడు.

“ఎనభై కిలోమీటర్లు పరిగెత్తే మనిషివి. నీకు కుర్చీ డ్యూటీ ఇస్తే నిజంగా జబ్బు చేసినవాళ్ళకి నేనేం సమాధానం చెప్పను?”

“ఆ ఎనభై ఇంకా పరిగెత్తలేదు సార్” అంది ఆమె.

“పరిగెత్తబోయే కదా ఈ స్థితి తెచ్చుకున్నావు? సరదాకి ఒళ్ళు పాడుచేసుకుని కంపెనీ మీద పెడితే ఎలాగమ్మా?”

నేను గట్టిగా ఏదో అన్నాను. ఏమన్నానో ఇక్కడ రాయలేను. ఆమె నా చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చింది. నోటీసు బోర్డు ముందు నిలబడి ఆ ఫోటోను కాసేపు చూసింది. అప్పుడు ఏడ్చింది. జబ్బు బయటపడ్డప్పుడు ఏడవలేదు, పందెం పోయినప్పుడు ఏడవలేదు. తన నవ్వే తనకు అడ్డం తిరిగితే ఎవరికి చెప్పుకుంటుంది?

పందెం రోజు రానే వచ్చింది. మధ్యలో ఓడిపోయి కూలబడేవాళ్ళను ఎక్కించుకుని రావడానికి నిర్వాహకులు మా డిపో నుంచి ఒక బస్సు అడిగారు. మేనేజరు మా బస్సే వేశాడు. “నీకు ఇష్టమైన పందెమే కదా, చూసినట్టూ ఉంటుంది” అన్నాడట ఆమెతో. వెటకారం కాదు, దయ తలచాననే అనుకుని ఉంటాడు. అలాంటివాళ్ళ దయ వెటకారం కంటే అన్యాయంగా ఉంటుంది.

పొద్దున్నే ఆమె నీళ్ళ సీసాతో వచ్చింది. ఆ సీసాను బస్సులో చూడడం నాకు అదే మొదలు. “ఇవాళ టికెట్లు లేవు, టైము లేదు, జనం లేరు. డాక్టరమ్మ చెప్పినట్టు తాగుతా అన్నయ్యా” అంది. చెప్పినట్టే ఊరు దాటేలోపు సగం తాగేసింది. పరిగెత్తేవాళ్ళ వెనక మెల్లగా పోతున్నాం. ఎవరైనా కుంటుతూ కనిపిస్తే ఆమె కిటికీలోంచి తల బయట పెట్టి, “ఎత్తులో నడవండి, దిగేటప్పుడు పరిగెత్తండి” అని అరిచేది. కొందరు చెయ్యి ఊపారు.

సిమెంటు ఫ్యాక్టరీ స్టాపు దగ్గర బండి ఆపాను. రోడ్డు పక్కన వరసగా నీలం రంగు ప్లాస్టిక్ మరుగుదొడ్లు, ఒక్కోదానికి తలుపు, గొళ్ళెం, బయట చేతులు కడుక్కోను నీళ్ళ డ్రమ్ము. ముందు రోజు లారీలో తెచ్చి దింపారట, మర్నాడు తీసుకుపోతారట. రేవు దాకా ఇలాంటివి ఇంకా ఉన్నాయని అక్కడున్న కుర్రాళ్ళు చెప్పారు. ఒక్క పూట పరుగు కోసం స్థలం దానంతట అదే పుట్టింది.

ఆమె బస్సు దిగి గబగబా అటు నడిచింది. పొద్దున తాగిన నీళ్ళు కదా, ఆగలేని అవసరమే. తాడు కట్టిన చోట మెడలో కార్డు వేసుకున్న అమ్మాయి ఒకతె అడ్డం వచ్చింది.

“సారీ ఆంటీ, ఇవి రన్నర్లకే. మీకు నంబరు ఉందా?”

ఆమె తన ఖాకీ చొక్కా వైపు చూసుకుంది. “లేదమ్మా” అంది.

“మరి వేరేవాళ్ళని పంపొద్దన్నారు ఆంటీ. ఏమీ అనుకోకండి.”

నేను తలుపు తన్ని కిందికి దూకాను. ఆ పిల్లనే కాదు, తాడునూ, డబ్బాలనూ కలిపి పీకి పారేద్దామన్నంత కోపం వచ్చింది. ఆమె మధ్యలోనే నన్ను ఆపింది. “వద్దన్నయ్యా, ఆ పిల్ల ఏం చేస్తుంది? చెప్పిన డ్యూటీ చేస్తోంది” అని మళ్ళీ బస్సెక్కి, ముందు సీట్లో కాళ్ళు దగ్గరగా పెట్టుకుని కూర్చుంది. ఇన్నేళ్ళూ అలాగే కూర్చుంది.

ఇంతలో ఒక కుర్రాడు పిక్కలు పట్టేసి, ఇద్దరి భుజాల మీద వాలి బస్సెక్కాడు. “నీళ్ళున్నాయా ఆంటీ?” అన్నాడు. ఆమె సీసా మొత్తం ఇచ్చేసింది. వాడు గటగటా ఖాళీ చేశాడు.

“అదేం పని చెల్లెమ్మా? నీకు గంట గంటకీ తాగమన్నారు కదా. ఉండు, వాళ్ళ దగ్గర ఇంకో సీసా అడిగి తెస్తా” అన్నాను.

“వద్దులే అన్నయ్యా, బండి తియ్యి. తాగితే మళ్ళీ వెళ్ళాలనిపిస్తుంది.”