దేవరకు వచ్చే పొట్టేలు తొడ

ఇంతకాలం ఈ సంగతి రాయకపోవడానికి కారణం, నాకు రాయడం రాకపోవడమే. యాభై ఎనిమిదో ఏట వయోజన విద్యా కేంద్రంలో అక్షరాలు దిద్దుకున్నాను.

మాది కోడుమూరు దగ్గర పల్లె. మా తాత పోలీసు కానిస్టేబుల్. నేను పుట్టకముందు, ఊరమ్మకు పొట్టేళ్లు కోసే జాతర, దేవరలో బందోబస్తు చేస్తుండగా ఆయన్ను ఎవరో పొడిచి చంపారట. ఎవరన్నది ఇంట్లో ఎవరూ చెప్పలేదు. చదవడం వచ్చాక పట్టుబట్టి, కర్నూలులో ఆ కేసు వాంగ్మూలాల నకలు తీయించాను.

కూడబలుక్కుంటూ చదివాను. తాత భార్య, మా అవ్వ ఇచ్చినవి రెండున్నాయి. ఊరి పెద్దింటాయన పొడుస్తుంటే కళ్లారా చూశానని మొదటిది. ఏమీ చూడలేదని రెండోది.

చిన్నాయనను నిలదీశాను.

"ముగ్గురు పిల్లోల్లను పెట్టుకోని మీయవ్వ ఏం జేస్తాది? పెద్దమనుషులు రాజీ చేసినారు. నోరు మూసుకుంటే ఏటా దేవరకు పొట్టేలు తొడ మీ ఇంటికే అన్న్యారు" అన్నాడు. పైగా నవ్వి, "నువ్వు గూడా శానా ఇష్టంగా తింటాంటివి గదమ్మా!" అన్నాడు.

దొడ్లోకి పోయి కక్కుకున్నాను. చంపినవాడి మీదకన్నా, ఆ కూరకు రుచి మరిగిన నా నాలుక మీదే నాకు ఎక్కువ రోత పుట్టింది.

మరుసటి రోజే దేవర. పొద్దున్నే పెద్దింటి జీతగాడు తొడ తెచ్చి, "ఈతూరి లేతది పంపినారమ్మా" అన్నాడు. నేను చెయ్యి చాపలేదు. నకలు కాగితాలు తీసుకుని అతని వెంటే ఆ ఇంటికి పోయి, తొడను వాళ్ల గడప మీద పెట్టించాను. అక్కడే నిలబడి, దేవరకొచ్చిన జనమంతా వినేలా అవ్వ మొదటి వాంగ్మూలం చదివాను.