తోటికోడలి చెప్పుల నంబరు

పోయిన వారం మా తోటికోడలి రక్తపరీక్ష కాగితం చూసి డాక్టరమ్మ, గ్రోత్ హార్మోను లెక్క తెలిపే గ్రోత్ ఫ్యాక్టర్ అదుపులోనే ఉందనీ, అప్పట్లో జబ్బు చేసి ఆ హార్మోను మితిమీరినన్నాళ్ళూ ఒంట్లో కొవ్వును నిలవనివ్వలేదు గనక ఇప్పుడు కాస్త పొట్ట రావడం సహజమేననీ చెప్పి, పక్కన కూర్చున్న నన్ను ఎగాదిగా చూసి, పొట్ట పెరిగినవాళ్ళలో మామూలుగా ఆ హార్మోను తక్కువగా ఉంటుందని కూడా అన్నది. నేను అడిగానా? ఈ వయసులోనూ నాకు ఒళ్ళు మండింది.

మన ఈడువాళ్ళకు చెబితే అర్థమవుతుంది. శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వచ్చిన మా రెండు కాపురాలూ ఈ దీవుల్లో, మిన్నీ బేలో ఒకే క్వార్టర్సులో, ఒకే వంటింట్లో సాగిన రోజులవి. నేను బళ్ళో టీచర్ని, ఆవిడ మా మరిది భార్య. రాత్రి అన్నం మాని గంజి తాగినా నా నడుం చుట్టూ మడతలు పెరిగేవి. ఆవిడ వేయించిన చేపముక్కలు పళ్ళెం ఖాళీ అయ్యేదాకా తిని, ఇద్దరు పిల్లల తల్లయ్యాక ఇంకా సన్నబడింది. మా అత్తగారు వచ్చినవాళ్ళందరి ముందూ మమ్మల్ని పక్కపక్కన నిలబెట్టి, పెద్దకోడలికి తిండి తగ్గించాలనేవారు. వండేది నేను, తినేది ఆవిడ, మాట పడేది మళ్ళీ నేను.

అంతకంటే మండించినవి చెప్పులు. పాతవి నిక్షేపంగా ఉండగానే మరిది ఆవిడను అబర్డీన్ బజారుకు తీసుకెళ్ళి ఏటా కొత్తవి కొనేవాడు, ఉంగరం కూడా పెద్దది చేయించాడు. మా ఆయనేమో నా చెప్పులకు కుట్ల మీద కుట్లు వేయించేవారు. ఒకసారి నేనూ వెంట వెళ్ళాను.

“దీదీ, పోయినసారి నంబర్ నహీ ఆయేగా, పట్టదు, ఇంకో సైజ్ బడా తీసుకోండి” అన్నాడు కొట్టతను.

ఆవిడ పకపకా నవ్వి, “అక్కా, నా కాళ్ళింకా పెరుగుతున్నాయి, చూడు!” అంది.

పిల్లల తల్లికి కాళ్ళు పెరగడమేమిటి, కొత్త చెప్పులకు ఇదొక సాకు అనుకున్నాను. తలనొప్పని పడుకుంటే, అది పని తప్పించుకోవడానికేననుకున్నాను.

ఒక ఆదివారం చర్చిలో ఆరాధన ముగిశాక, కొత్తగా బదిలీ మీద వచ్చిన ఈ డాక్టరమ్మే వందనాలు చెబుతూ అందరితో చేతులు కలిపింది. నా చెయ్యి ఇలా పట్టి అలా వదిలేసింది. మా తోటికోడలి చెయ్యి మాత్రం ఎంతకీ వదలక, అరచెయ్యి తిప్పి, వేళ్ళు నొక్కి, ముఖంలోకి చూస్తూ ఉండిపోయింది. డాక్టర్లకు కూడా సన్నటివాళ్ళే ముద్దు కాబోలని విసవిసా బయటికొచ్చేశాను. మర్నాడే పరీక్షలు మొదలయ్యాయి. మెదడు అడుగున బఠాణీ గింజంత గ్రంథిలో గడ్డ లేచి ఆ గ్రోత్ హార్మోనును ఆగకుండా వదులుతోందట. కొవ్వు కరిగించిందీ, కాళ్ళూ చేతులూ పెంచిందీ అదేనట. అలాగే వదిలేస్తే చూపుకూ గుండెకూ ముప్పట. నేను ఇన్నేళ్ళూ కుళ్ళుకున్నది ఒక జబ్బును చూసి! ఆపరేషన్‌కు చెన్నై వెళ్ళే ఓడలో ఆవిడ నా చెయ్యి పట్టుకునే పడుకుంది, బతికి తిరిగొస్తే చాలని దారంతా ప్రార్థించాను.

బతికింది. మెల్లగా పొట్ట కూడా వచ్చింది. నాకో తోడు దొరికిందని సంతోషిస్తే, జబ్బు నుంచి లేచిన మనిషని అందరూ ఆ పొట్టనూ మురిపెంగా చూశారు. నా పొట్టకు ఆ భాగ్యం ఎన్నడూ లేదు.

ఇప్పుడు అత్తగారూ లేరు, ఆ ఒక్క వంటిల్లూ లేదు. చర్చిలో పిల్లలు తెలుగు పాటలను ఫోనులో ఇంగ్లీషు అక్షరాల్లో చూసుకుని పాడుతున్నారు. ఒకప్పుడు మొదటి చరణం ఎత్తుకునేది మా తోటికోడలే. ఆ సన్నని గొంతు విని నేను కుళ్ళుకోని ఆదివారం లేదు. జబ్బు ఆ గొంతును మొద్దుబార్చి పోయింది, అది ఇక తిరిగి రాదట. నా పక్కన కూర్చుని పెదవులు మాత్రం కదుపుతుంది. ఒక్కసారి, ఒక్క చరణం మునుపటిలా పాడితే బాగుండును, కడుపారా కుళ్ళుకుంటాను.